మొహమాటం లేని మంచితనం

మన భాషలో “మంచివాడు” అన్న మాట ఒంటరిగా రావడం తక్కువ. దాని ముందు ఒక “పాపం” వచ్చి చేరుతుంది. “పాపం, మంచివాడండీ” అంటాం. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, అడిగినదానికి కాదనడు, తనకి రావలసింది రాకపోయినా ఊరుకుంటాడు అని దాని తాత్పర్యం. అందులో సగం మెచ్చుకోలు, సగం జాలి.

వి.వి.ఎస్. లక్ష్మణ్ 2012 ఆగస్టు 18న అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించినప్పుడు మనవాళ్ళు అన్న మాటలు చాలామటుకు ఈ ధోరణిలోనే సాగాయి. ఒక్క ప్రపంచ కప్పు కూడా ఆడనివ్వలేదు, పాపం. సచిన్, ద్రావిడ్, గంగూలీల నీడలో ఉండిపోయాడు, పాపం. సొంత ఊళ్ళో టెస్టు అయిదు రోజుల్లో ఉందనగా వెళ్ళిపోయాడు, పాపం. ఇన్ని “పాపం”ల మధ్య ఆ మనిషి ఆడిన ఆట ఎక్కడో మరుగున పడిపోయింది. ఆటకి ఒక ఖాతా, గుణానికి ఇంకో ఖాతా తెరిచి, మొదటిదాంట్లో తక్కువ పడినదాన్ని రెండోదాంట్లోంచి సర్దుబాటు చేసినట్టు ఉంటుంది ఆ మెచ్చుకోలు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లక్ష్మణ్ విషయంలో ఆ రెండూ ఒకే ఖాతా. అతని గుణం అతని బ్యాటింగులోనే కనపడుతుంది, వెతుక్కోవడానికి వేరే చోటికి వెళ్ళనక్కరలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ గుణం మనం అనుకునే మెతకదనం కాదు. మొహమాటం అసలే కాదు.

క్రికెటర్ గురించి సాహిత్య సంఘం సంచికలో ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నేను ఉండేది మస్కట్‌లో, హమ్రియాలో. రువి పక్కన, బోడి కొండల మధ్య, కింద కొట్లూ పైన ఫ్లాట్లూ ఉన్న పేట. కడప నుంచీ, కోనసీమ నుంచీ, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచీ వచ్చినవాళ్ళు ఇక్కడ ఒకే మెట్ల మీద ఎదురు పడతారు. శుక్రవారం పొద్దున్న ఎండ ముదరకముందు ఖాళీ స్థలం ఎక్కడ కనపడితే అక్కడ టెన్నిస్ బంతితో ఆట మొదలవుతుంది. ఒక పక్క మనవాళ్ళు, ఇంకో పక్క మలయాళీలు, పాకిస్తానీలు, బంగ్లాదేశీయులు. ఇలాంటి ఆటల వెనకనుంచే ఈ దేశానికి ఒక జాతీయ జట్టు వచ్చింది. 2021 అక్టోబరులో టి20 ప్రపంచ కప్పు తొలి మ్యాచి మస్కట్ దగ్గర అల్ అమెరాత్ మైదానంలోనే జరిగింది. ఆ ఒమన్ జట్టులో హైదరాబాదులో పుట్టిన సందీప్ గౌడ్ కూడా ఉన్నాడు.

కాని అసలు కారణం అది కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి “రిటైర్మెంటు” అన్నది అరవై ఏళ్ళకి వచ్చే పండగ కాదు. ఇక్కడ ఎన్నేళ్ళున్నా మనం ఉద్యోగం మీద వచ్చినవాళ్ళమే. రెసిడెంట్ కార్డు మీద తేదీ ఉన్నంతవరకే. ఎప్పటికైనా వెళ్ళిపోవాలని అందరికీ తెలుసు. ఎప్పుడు వెళ్ళాలన్నదే ప్రశ్న. “ఇంకో రెండేళ్ళు చూద్దాం” అంటూ పదిహేనేళ్ళు గడిపినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. ఉండమంటున్నప్పుడే వెళ్ళడమా, వెళ్ళమనేదాకా ఉండడమా? అడగవలసినది అడిగి తీసుకోవడమా, మంచివాడనిపించుకుని ఊరుకోవడమా? ఈ రెండు ప్రశ్నలూ ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. అంచేత లక్ష్మణ్ కథ మాకు కేవలం క్రికెట్ కథ కాదు.

ముందు అంకెలు చూద్దాం. 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు, సగటు 45.97. వన్డేల్లో 86 మ్యాచిలు, 2338 పరుగులు, 6 సెంచరీలు, సగటు 30.76. టెస్టుల్లో పట్టిన క్యాచిలు 135. గొప్ప అంకెలే గాని, అతనితో కలిసి ఆడినవాళ్ళ పక్కన పెడితే కొంచెం చిన్నవిగా కనిపిస్తాయి. సచిన్, ద్రావిడ్ ఇద్దరి సగటూ యాభై దాటింది. యాభైలు 56 కొట్టి సెంచరీలు 17 మాత్రమే చేశాడంటే మొదలుపెట్టినదాన్ని పెద్దది చెయ్యలేదన్న విమర్శకి ఆధారం ఉన్నట్టే.

మా వృత్తిలో ఒక పాఠం ఉంది. సగటు లోడు చూసి కట్టిన సర్వరు పండగ రోజున కూలిపోతుంది. అందరూ ఒక్కసారి మీద పడ్డప్పుడు నిలబడిందా లేదా అన్నదే లెక్క. లక్ష్మణ్ సగటు అతని గురించి ఏమీ చెప్పదు; ఆ పరుగులు ఎప్పుడు వచ్చాయన్నది చెబుతుంది. ఆ కాలంలో ఆస్ట్రేలియా అందరికన్నా బలమైన జట్టు. ఆ జట్టు మీద 29 టెస్టుల్లో 2434 పరుగులు, 6 సెంచరీలు. అందులో రెండు డబుల్ సెంచరీలు. 225 ఇన్నింగ్స్‌లో 34 సార్లు నాటవుట్‌గా మిగిలాడు. అయిదో స్థానంలోనో ఆరో స్థానంలోనో వచ్చి, అవతలి వైపు బౌలర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే నిలబడ్డవాడి లెక్క అది. సెంచరీ చెయ్యాలంటే అవతల ఇంకో మనిషి ఉండాలి కదా.

ఇక 2001 మార్చి, కలకత్తా. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది స్టీవ్ వా జట్టు. ముంబైలో మొదటి టెస్టూ వాళ్ళదే. ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 చేస్తే మనవాళ్ళు 171కి ముగించారు. అందులో లక్ష్మణ్‌వి 59, చివరి వికెట్ అతనిదే. ఫాలో ఆన్. ప్యాడ్లు విప్పవద్దు, ఈసారి మూడో స్థానంలో నువ్వే వెళ్ళాలి అని చెప్పారు. అప్పటికే నడుంనొప్పితో బాధపడుతున్నాడు. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు: 452 బంతుల్లో 281, ఫోర్లు 44. ఒక్క సిక్సరు కూడా లేదు. ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం. మార్చి 14న, నాలుగో రోజున, పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టు కూడా పడలేదు. మర్నాడు 657కి 7 దగ్గర డిక్లేర్ చేసి, హర్భజన్ ఆ మ్యాచిలో 13 వికెట్లు తియ్యడంతో మనవాళ్ళు 171 పరుగుల తేడాతో గెలిచారు.

ఈ కథ మనం పిల్లలకి చాలాసార్లు చెప్పి ఉంటాం. చెప్పని సంగతి ఒకటుంది: ఎలా ఆడాడు? షేన్ వార్న్ లెగ్ స్టంపు బయట, బౌలర్ల కాళ్ళు పడి గరుకెక్కిన చోట బంతి వేసి తిప్పుతున్నాడు. పుస్తకం ప్రకారం ఆ బంతిని కాలు అడ్డం పెట్టి వదిలెయ్యాలి. లక్ష్మణ్ ముందుకొచ్చి దాన్ని తిరుగుడుకి వ్యతిరేకంగా మిడ్‌వికెట్ వైపు తోశాడు. అక్కడ మనిషిని పెడితే, అలాంటి బంతినే మణికట్టు విప్పి ఎక్స్‌ట్రా కవర్ మీదుగా పంపించాడు. ఒకే రకం బంతికి రెండు జవాబులు. ఏ జవాబో బంతి దగ్గరకి వచ్చేదాకా అతనికే తెలియనట్టు ఉండేది. కెప్టెన్ ఒక వైపు మూస్తే రెండో వైపు తెరుచుకునేది. ఆ ఇన్నింగ్స్‌లో వార్న్ 34 ఓవర్లు వేసి, 152 పరుగులిచ్చి, ఒక్క వికెట్టు తీసుకున్నాడు.

ఇది జైసింహ నుంచి అజరుద్దీన్ దాకా వచ్చిన హైదరాబాదు సొగసు అని సరిపెడితే సగమే చెప్పినట్టు. సొగసు చాలామందికి ఉంటుంది. ఆ రోజు లక్ష్మణ్ ఆటలో నాకు కనిపించేది ఆదరా బాదరా లేకపోవడం. మ్యాచి పోయేట్టుంది, కాబట్టి ఎదురుదాడి చెయ్యాలి అన్న కంగారు లేదు. మ్యాచి పోయేట్టుంది, కాబట్టి ముడుచుకుని కూర్చోవాలి అన్న భయమూ లేదు. నోరు పారేసుకోవడంలో పేరుమోసిన జట్టు చుట్టూ నిలబడి ఉంటే తిరిగి ఒక్క మాట అనలేదు. మాట పడినందుకు కసిగా ఒక షాటు కొట్టిన జాడ కూడా కనపడదు. బంతి ఎలా వచ్చిందో అలా చూశాడు, దానికి తగినది చేశాడు. ఎవరు వేశారు, ఏమన్నారు అన్నవి లెక్కలోకి తీసుకోలేదు. ఒక మనిషి నిదానస్తుడు, పక్షపాతం లేనివాడు అని నిర్ణయించడానికి ఇంతకన్నా ఏం కావాలి? గుణమంటే పది గంటలకి పైగా అలా ఉండగలగడమే.

ఇంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు. నేను మొహమాటం అన్నదాని సంగతి చూద్దాం. మొహమాటం మీద మనకో సామెత ఉంది. కుటుంబాలు చదివే సంచికలో రాయలేను గాని అందరికీ తెలిసిందే. మనల్ని మంచివాళ్ళనుకోవాలన్న కోరికతో కాదనవలసినచోట ఊఁ అనడం మొహమాటం. బయటివాళ్ళకి అది మంచితనంలాగే కనిపిస్తుంది. కాని దాని మూలం ఎదుటివాడి మీద ప్రేమ కాదు, ఎదుటివాడు ఏమనుకుంటాడో అన్న భయం.

1996లో అహ్మదాబాదులో దక్షిణాఫ్రికా మీద మొదటి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 51 చేశాడు లక్ష్మణ్. తర్వాత మధ్యలో చోటు లేదని అతన్ని ఓపెనరుగా పంపారు. అది అతని స్థానం కాదు. అయినా వెళ్ళాడు. మూడేళ్ళపాటు జట్టులోకి వస్తూ, పోతూ ఉన్నాడు. 2000 జనవరిలో సిడ్నీలో మెక్‌గ్రాత్, బ్రెట్ లీల మీద ఓపెనరుగానే 167 చేశాడు. జట్టు మొత్తం చేసింది 261. మామూలుగా అయితే అక్కడితో అతని స్థానం ఖాయమైనట్టే. కాని ఆ సంవత్సరమే అతను ఇక ఓపెనింగ్ చెయ్యనని తేల్చి చెప్పాడు. వయసు పాతికేళ్ళు. జట్టులో నాలుగూ అయిదూ ఆరూ స్థానాల్లో ఎవరున్నారో చూసినవాడెవడూ అలాంటి మాట అనడు. ఆ మాటతో అంతర్జాతీయ క్రికెట్టే పోవచ్చు. అతను రంజీకి వెళ్ళి హైదరాబాదు తరఫున మధ్యలో ఆడి, 1999-2000 సీజన్లో 1415 పరుగులు చేశాడు. అందులో కర్ణాటక మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 353. మరుసటి ఏడాది వచ్చింది కలకత్తా.

అంటే 281కి ముందు ఒక “కాదు” ఉంది. ఆ “కాదు” లేకపోతే 281 లేదు. “పాపం, మంచివాడు” కథలో ఈ భాగం ఎప్పుడూ రాదు. ఎందుకంటే పాపం అనిపించుకునేవాడు కాదనడు. మా ఆఫీసుల్లో ఎవరికీ ఇష్టం లేని పాత సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్సు పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలుసు: నోరు మెదపనివాడి నెత్తిన. అయిదేళ్ళ తర్వాత అతనికి వేరే పని రాదని తీసేస్తారు. లక్ష్మణ్ ఓపెనింగుని కాదన్నది అహంకారంతో కాదు. తను ఏ పనికి పనికొస్తాడో తెలుసుకుని, ఆ పని చేసే హక్కుని పరుగులు చేసి సంపాదించుకున్నాడు. ఎవరినీ తిట్టకుండా కాదనవచ్చునని చూపించాడు.

ఇంకో “కాదు” 2008లో వచ్చింది. ఐపీఎల్ మొదలవుతోంది. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లు తమ తమ జట్లకి “ఐకాన్” ఆటగాళ్ళు. ఐకాన్‌కి ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికినవాడికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. జట్టు మొత్తం ఖర్చు 50 లక్షల డాలర్లు దాటకూడదు. హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్‌కి లక్ష్మణ్ ఐకాన్ కావలసింది. తను ఆ హోదా తీసుకుంటే మంచి ఆటగాళ్ళని కొనడానికి జట్టు దగ్గర డబ్బు మిగలదని దాన్ని వదులుకున్నాడు. వేలంలో ఆండ్రూ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు. లక్ష్మణ్‌కి 3.75 లక్షలు. ఐకాన్ అయి ఉంటే సైమండ్స్ కన్నా ఎక్కువే వచ్చేది.

ఈ త్యాగానికి ఫలితం వెంటనే దక్కిందని చెబితే నీతికథ బాగుంటుంది. కాని ఆ ఏడు డెక్కన్ ఛార్జర్స్ ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. మంచిపని చేసినవాడికి మంచి జరుగుతుందన్న పూచీ ఎక్కడా లేదు. అయినా చెయ్యడమే అందులో విశేషం.

మూడో సాక్ష్యం మొహాలీ, 2010 అక్టోబరు 5. నన్నడిగితే 281 కన్నా ఈ 73 పరుగుల్లో లక్ష్మణ్ ఎక్కువ కనిపిస్తాడు. గెలవడానికి 216 కావాలి. 124కి 8 వికెట్లు పడ్డాయి. లక్ష్మణ్ నడుం పట్టేసింది. మొదటి ఇన్నింగ్స్‌లో పదోవాడుగా వచ్చాడు. ఇప్పుడు రైనా అతని బదులు పరుగెత్తుతున్నాడు. అవతల ఇషాంత్ శర్మ. ఇలాంటప్పుడు పెద్ద బ్యాట్స్‌మన్ ఏం చేస్తాడు? ఓవరులో అయిదు బంతులు తనే ఆడి, ఆఖరి బంతికి ఒక పరుగు తీసి, బౌలరుని బంతికి దూరంగా దాచిపెడతాడు. లక్ష్మణ్ అలా చెయ్యలేదు. పరుగు ఉన్నప్పుడల్లా తీశాడు, ఇషాంత్‌ని ఆడనిచ్చాడు. స్కోరుకార్డు చూడండి: లక్ష్మణ్ 79 బంతుల్లో 73 నాటవుట్, ఇషాంత్ 92 బంతుల్లో 31. పదోవాడు ఎక్కువ బంతులు ఆడాడు. ఇద్దరూ కలిసి 81 పరుగులు చేశారు. చివరికి ప్రజ్ఞాన్ ఓఝా వచ్చాక ఒక్క వికెట్ తేడాతో గెలిచారు.

మనం దీన్ని వ్యూహం అనవచ్చు. నాకు మాత్రం ఇది నమ్మకం. పక్కవాడు చేతకానివాడని ముందే నిర్ణయించుకోకపోవడం. నువ్వు ఆడగలవు అని చెప్పడం ఒక ఎత్తు. పదే పదే స్ట్రయికు ఇచ్చి ఆ మాట నిజమేనని చూపించడం ఇంకో ఎత్తు. ఆ ఏడాదే కొలంబోలో 257 పరుగుల లక్ష్యం ఛేదిస్తూ నాటవుట్‌గా 103, డిసెంబరులో డర్బన్‌లో జహీర్ ఖాన్‌ని పక్కన పెట్టుకుని 96. రెండూ గెలిచిన మ్యాచిలే.

మొహాలీలో ఇంకో దృశ్యం ఉంది. ఓఝా ఒక పరుగుకి కదలకుండా నిలబడితే లక్ష్మణ్ బ్యాటు ఊపుతూ అతని మీద గట్టిగా కేకలేశాడు. ఎప్పుడూ కోపం తెలియని మనిషి అని అందరూ ఆశ్చర్యపోయారు. నాకైతే ఆ కేకలు కూడా అతని మంచితనంలో భాగమే అనిపిస్తుంది. కోపం రాకపోవడం మంచితనానికి గుర్తు కాదు. ఏ విషయానికి వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నది చూడాలి. తన పరుగుల కోసం రాలేదు, జట్టు గెలుపు చేజారుతుందని వచ్చింది. గెలిచాక మిగల్లేదు.

ఇక రెండో వైపు కూడా చూడాలి. లేకపోతే ఇది విమర్శ కాదు, సన్మాన పత్రం. లక్ష్మణ్ వికెట్ల మధ్య చురుకైనవాడు కాదు. వన్డేల్లో అది కనిపించేది. ఇంగ్లండ్ మీద ఒక్క టెస్టు సెంచరీ కూడా లేదు. 2003 ప్రపంచ కప్పుకి అతన్ని వదిలి దినేశ్ మోంగియాని తీసుకున్నప్పుడు సెలెక్టర్లకి చెప్పుకోవడానికి కారణాలు లేకపోలేదు. కాని 2004 జనవరిలో ఆస్ట్రేలియాలో మూడు వన్డే సెంచరీలు చేసి, ఆ కారణాలు ఎంత బలమైనవో అతనే తేల్చాడు. ఆ 2003 దెబ్బని అతను నవ్వుతూ భరించాడనుకోవడం కూడా మన కల్పనే. ఆట మీదే విరక్తి పుట్టి, స్నేహితులతో అమెరికా వెళ్ళి గడిపిన సంగతి 2018లో వచ్చిన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. మంచివాడికి బాధ ఉండదనుకుంటే అతని కష్టాన్ని మనం తక్కువ చేసినట్టే. బాధ ఉంది, విరక్తి కూడా వచ్చింది. తిరిగి వచ్చి ఆడాడు.

ఇప్పుడు 2012. దానికి ముందు ఏడాది ఇంగ్లండులో నాలుగు టెస్టుల్లో 182 పరుగులు, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టుల్లో 155. రెండు చోట్లా మనం 0-4తో ఓడిపోయాం. మధ్యలో కలకత్తాలో వెస్టిండీస్ మీద 176 నాటవుట్ ఉంది గాని, వయసు మీద పడిందన్న మాట గట్టిగానే వినిపించింది. ద్రావిడ్ మార్చిలో తప్పుకున్నాడు. లక్ష్మణ్ వేసవి అంతా సాధన చేశాడు. న్యూజీలాండ్ సిరీస్‌కి సెలెక్టర్లు ఎంపిక కూడా చేశారు. మొదటి టెస్టు ఆగస్టు 23న ఉప్పల్‌లో. సొంత ఊళ్ళో అతను అప్పటిదాకా ఆడినది ఒకే ఒక టెస్టు, 2010 నవంబరులో. రెండోది అయిదు రోజుల్లో ఉందనగా, అదే ఉప్పల్‌లో పత్రికలవాళ్ళని పిలిచి ఇక ఆడనన్నాడు. రాబోయే సిరీస్‌లన్నీ స్వదేశంలోనే, కొత్తవాళ్ళని తయారు చెయ్యడానికి ఇదే సమయం, నా అంతరాత్మ చెప్పింది విన్నాను అన్నాడు.

దీన్ని ఇంకోలా చదివేవాళ్ళున్నారు. మనసు కష్టపడి వెళ్ళాడని, అలిగాడని. కెప్టెన్ ధోనీ ఫోనులో దొరకడం కష్టమని నవ్వుతూ అన్న మాట పట్టుకుని కొన్నాళ్ళు వార్తలు నడిచాయి. హమ్రియాలో నా స్నేహితుల్లో కూడా ఇదే వాదన. “ఎంపిక చేశాక ఒక్క మ్యాచి ఆడి, ఊళ్ళోవాళ్ళ చప్పట్లు తీసుకుని వెళ్తే పోయేదేముంది? మొహమాటపడ్డాడు, అంతే” అంటాడు ఒకాయన. నేను సరిగ్గా ఎదురు చెబుతాను. మొహమాటం ఉంటే ఆడేవాడు. సెలెక్టర్లు పేరు రాశారు, ఊరంతా ఎదురుచూస్తోంది, టిక్కెట్లు కొన్నారు, ఇంట్లోవాళ్ళకీ సరదా. అంతమంది అడుగుతుంటే కాదనడమే కష్టం. వీడ్కోలు కోసం ఒక టెస్టు ఆడడమంటే, ఇంకొకరికి రావలసిన చోటు చప్పట్ల కోసం అయిదు రోజులు వాడుకోవడం. ఆ లెక్క అతనికి నచ్చలేదు. బాధ ఉండి ఉండవచ్చు. బాధా, సరైన నిర్ణయమూ ఒకే మనిషిలో పక్క పక్కనే ఉండగలవు.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకి క్రికెట్ కన్నా బాస్కెట్‌బాల్ దగ్గర. వాళ్ళకి ఇదే సంగతి చెప్పాలంటే టిమ్ డంకన్ పేరు చెప్పండి. శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకి 19 సీజన్లు ఆడి, 5 టైటిళ్ళు గెలిచి, 2012లో జట్టుకి ఇంకొందరిని తెచ్చుకునే వీలుండాలని తన జీతం సగానికి పైగా తగ్గించుకున్నవాడు. 2016 జులై 11న జట్టు ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. అంతే, డంకన్ రిటైరయ్యాడు. అదే సీజన్లో కోబీ బ్రయంట్ ముందే ప్రకటించి, ఊరూరా వీడ్కోళ్ళు అందుకుని, ఏప్రిల్ 13న ఆఖరి ఆటలో 60 పాయింట్లు చేసి వెళ్ళాడు. మనకి కూడా 2013 నవంబరులో వాంఖెడేలో సచిన్ 200వ టెస్టు, ఆ ఉపన్యాసం, ఆ కన్నీళ్ళు గుర్తే. ఇందులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనను. కోట్లమందికి వీడ్కోలు చెప్పే అవకాశం ఇవ్వడం కూడా ఒక ఔదార్యమే. కాని పని ఎలా చేశాడో అలాగే వెళ్ళడం ఒక అందం. డంకన్ ఆటలో ఆర్భాటం లేదు, వెళ్ళడంలోనూ లేదు. లక్ష్మణ్ బంతిని ఆఖరి క్షణం దాకా చూసి ఆడేవాడు. వెళ్ళడం కూడా ఆఖరి క్షణం దాకా ఆలోచించి, ఒకసారి నిర్ణయించుకున్నాక చేతులు వణక్కుండా చేశాడు.

ఇక్కడ మా సంగతికి వస్తాను. ఒమన్‌లో 2020 చివరిదాకా ఒక పద్ధతి ఉండేది. ఉద్యోగం మారాలంటే పాత యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, లేకపోతే రెండేళ్ళు ఈ దేశంలోకి తిరిగి రాకూడదు. 2021 జనవరి నుంచి దాన్ని తీసేశారు. ఆ రోజుల్లో ఆ కాగితం అడగడానికి ధైర్యం చాలక, “అన్నం పెట్టినవాడిని ఎలా అడగను” అంటూ పాత జీతం మీదే ఉండిపోయినవాళ్ళని చూశాను. రూలు పోయింది గాని మొహమాటం పోలేదు. ఓవర్‌టైం డబ్బు అడగరు, ఊళ్ళో చుట్టాలు అప్పడిగితే కాదనరు, పిల్లవాడి ప్లస్ టూ అయిపోయినా వెళ్ళే తేదీ అనుకోరు. వాళ్ళందరూ మంచివాళ్ళే. ఆ మంచితనం వాళ్ళని తినేస్తుంటే “పాపం” అంటూ మనం చూస్తున్నాం. రెండో పక్క, నోరున్నవాడిదే ఊరు అని నమ్మి పిల్లలకి అదే నేర్పేవాళ్ళూ ఉన్నారు. మంచితనం చేతకానితనమని ఆ పిల్లలు చాలా త్వరగా తేల్చేసుకుంటారు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉందనడానికి లక్ష్మణ్ సాక్ష్యం. పదహారేళ్ళపాటు అందరి కళ్ళ ముందు నడిచిన సాక్ష్యం అది. ఆట వదిలాక కూడా కనపడకుండా చేసే పనులే ఎక్కువ ఎంచుకున్నాడు. సన్‌రైజర్స్‌కి మెంటర్‌గా ఉన్నాడు, 2021 డిసెంబరులో బెంగుళూరు జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్నాడు. పైకి వచ్చే కుర్రాళ్ళని తయారు చేసే పని. మొహాలీలో ఇషాంత్‌కి స్ట్రయికు ఇచ్చినవాడికి అది కొత్త పనేం కాదు.

మీ ఇంట్లో పది పన్నెండేళ్ళ పిల్లలుంటే ఈసారి సెలవల్లో వాళ్ళకి 281 చూపించకండి. అది అంత పెద్దది కాబట్టి దేవుళ్ళ కథలాగా ఉంటుంది, మన వల్ల కాదు అనిపిస్తుంది. మొహాలీ ఆఖరి గంట చూపించండి. నడుం వంగని మనిషి ఒకడు, పదోవాడిని నమ్మి బంతి అతనికి వదలడం చూపించండి. ఓఝా మీద కేకలెయ్యడం కూడా దాటవెయ్యకుండా చూపించండి. తర్వాత, ఇతను ఎందుకు గొప్పవాడో చెప్పమని వాళ్ళనే అడగండి. మంచివాడు కాబట్టి అంటారో, బాగా ఆడాడు కాబట్టి అంటారో వినండి. ఆ రెండూ విడదీయలేక వాళ్ళు కాసేపు తడబడితే, అక్కడినుంచి మాట మొదలుపెట్టవచ్చు.